ఒకే రోగి, రెండు చార్టులు: హౌస్‌సర్జన్లు, ఫిజీషియన్ అసిస్టెంట్ విద్యార్థుల పోటీపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక ప్రైవేటు బోధనాసుపత్రికి చెందినది. జనరల్ మెడిసిన్ విభాగంలో ఒక యూనిట్ బాధ్యతలు చూస్తున్న అధ్యాపకుడిగా దీని విచారణ నాకు అప్పగించారు. అప్పుడు ఇచ్చిన నివేదికనే కొంత విస్తరించి, ఆసుపత్రినీ మనుషులనూ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద ఇది మందు మోతాదు ఎక్కువైన సంఘటన. దాని వెనుక ఉన్నది మాత్రం ఎంబీబీఎస్ ముగించి హౌస్‌సర్జన్సీ చేస్తున్నవారికీ, బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) కోర్సులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తున్నవారికీ మధ్య నెలల తరబడి నలుగుతూ వచ్చిన పోటీ. విభాగాధిపతితో సహా అందరూ దీనిని పంతాల గొడవగానే చూశారు. విచారణ ముగిసేసరికి నా అభిప్రాయం వేరుగా స్థిరపడింది: ఏ పని ఎవరిదో, ఎవరు నేర్పాలో, ఎవరు సంతకం పెట్టాలో తేల్చి చెప్పవలసిన పెద్దలు చెప్పకుండా వదిలేసిన చోటనే పిల్లలు తమలో తాము కొట్లాడుకున్నారు.

ఆ రాత్రి జరిగింది

పత్తికి మందు కొట్టే రోజులవి. ఆ నెలల్లో పురుగుల మందు తాగిన కేసు రాని రాత్రి మా క్యాజువాలిటీలో అరుదు. దేవరకొండ వైపు పల్లె నుంచి నలభై దాటిన ఒక రైతును 108లో తీసుకువచ్చారు. వెంట వచ్చిన తమ్ముడు మందు డబ్బా కూడా తెచ్చాడు. చాలామంది భయపడి దారిలోనే పారేసి వస్తారు కనుక అది మేలైంది. నోట నురగ, సూదిమొనంత కనుపాపలు, ఒళ్లంతా చెమట, ఛాతీ నిండా గురగుర, నెమ్మదించిన నాడి చూస్తే డబ్బా లేకపోయినా ఆర్గానోఫాస్ఫరస్ విషమని చెప్పవచ్చు.

డ్యూటీలో ఉన్న రెండో సంవత్సరం పీజీ డాక్టరు ఆక్సిజన్ పెట్టించి, ఈ విషానికి విరుగుడైన అట్రోపిన్ మొదలుపెట్టి, ప్రతి 5 నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలనీ, ఛాతీ శుభ్రపడి, నాడి 80 దాటి, పై రక్తపోటు 80కి మించి, చంకలు ఆరేవరకు ఆపవద్దనీ ఆర్డరు రాసింది. అక్కడికి చేరుకున్నాక, అప్పటివరకు ఎక్కిన మొత్తం అట్రోపిన్‌లో గంటకు 10 నుంచి 20 శాతం చొప్పున డ్రిప్పులో ఇవ్వడం వాడుక. అంటే ఈ చికిత్స అంతా ఒక లెక్క మీద నడుస్తుంది: ఇంతవరకు ఎంత ఇచ్చాము. ఆ లెక్క తప్పితే తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే.

ఆర్డరు రాసిన కొద్దిసేపటికే పీజీని పై అంతస్తు ఐసీయూకు మరో రోగి కోసం పిలిచారు. మంచం దగ్గర మిగిలినవారు స్టాఫ్ నర్సు, ఒక పీఏ ఇంటర్న్. ఆ అబ్బాయికి ఐసీయూ పోస్టింగులో నెలల అనుభవం ఉంది; ఇలాంటి రోగులను వరుసగా చూస్తూ వచ్చినవాడు. ఐసీయూలో వాడే ఫ్లో షీటు ఒకటి తెచ్చి క్లిప్‌బోర్డుకు పెట్టుకుని, నర్సు ఇచ్చిన ప్రతి మోతాదునూ, ఆ సమయానికి నాడినీ కనుపాపలనూ ఛాతీ శబ్దాలనూ అందులో నింపుతూ పోయాడు. ఆ షీటు నేను తర్వాత చూశాను. మా పీజీలు నింపే షీట్లలో సగం అంత శుభ్రంగా ఉండవు.

మెడికో లీగల్ కేసు కనుక పోలీసులకు పంపవలసిన ఇంటిమేషన్ పని ముగించుకుని హౌస్‌సర్జన్ అప్పుడు వచ్చింది. మెడిసిన్ పోస్టింగులో ఆమెకు అది మొదటి వారం. మంచం దగ్గర సిరంజిల లెక్క చెబుతున్నది పీఏ ఇంటర్న్ అని చూసి, "ఆర్డర్లు చూసుకునేది మీరు కాదు కదా, జరగండి" అన్నది. "రాసిన ఆర్డరే నడుస్తుంది మేడం, నేను కొత్తగ ఏం రాయలేదు" అని అతడు జవాబిచ్చాడు. ఇంతవరకు ఇద్దరి వాంగ్మూలాలూ కలుస్తున్నాయి. ఆ తర్వాత ఆమె అడగలేదని అతడు, అతడు చెప్పలేదని ఆమె. నిజానికి అడగడమూ జరగలేదు, చెప్పడమూ జరగలేదు. అతడు క్లిప్‌బోర్డు చంకలో పెట్టుకుని నర్సుల కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆరోగ్యశ్రీ కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆమె కేస్‌షీటు తెరచి, పీజీ రాసిన తొలి ఆర్డరును చూసి, కొత్త చార్టు గీసి, మొదటి మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. దాదాపు అదే సమయంలో నర్సు డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన సిస్టరుకు కనిపించింది కేస్‌షీటులో ఉన్న చార్టు ఒక్కటే.

తెల్లవారేసరికి రోగి గొట్టాలు పీక్కుంటూ, లేని మనుషులతో మాట్లాడుతూ, ఒళ్లు కాలుతూ, నాడి విపరీతంగా కొట్టుకుంటూ ఉన్నాడు. పేగుల శబ్దం లేదు, మూత్రాశయం ఉబ్బి ఉంది. కిందికి వచ్చిన పీజీ చూడగానే అది విషం కాదు, అట్రోపిన్ ఎక్కువైందని గుర్తించి డ్రిప్పు ఆపింది. లక్షణాలు తగ్గాక తక్కువ మోతాదుతో మళ్లీ ఎక్కించింది. తర్వాతి రోజుల్లో మెడ కండరాలు బలహీనపడతాయేమోనని, దిండు మీది నుంచి తల ఎత్తించి పూటపూటా పరీక్షించారు. ఈ విషంలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య శ్వాస కండరాలు హఠాత్తుగా చతికిలబడే దశ ఒకటి ఉంటుంది, దానికి మొదటి హెచ్చరిక మెడలోనే కనిపిస్తుంది. ఆ ఇబ్బంది రాలేదు. మనిషి కోలుకుని, మానసిక వైద్యుల సలహాతో ఇంటికి వెళ్లాడు.

ఆసుపత్రిలో గొడవ అప్పుడు మొదలైంది. పీఏ విద్యార్థి సమాచారం దాచి రోగికి ప్రమాదం తెచ్చాడని హౌస్‌సర్జన్లు లేఖ ఇచ్చారు. చేతిలో పని లాక్కుని తప్పు తమ మీదికి నెడుతున్నారని పీఏ బ్యాచ్ అంతా సంతకాలు పెట్టి మరో లేఖ ఇచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో మాటలు ముదిరాయి. పీఏలు ఉంటే క్యాజువాలిటీ డ్యూటీకి రాము అనే మాట కూడా హౌస్‌సర్జన్ల నుంచి వచ్చాక విచారణ వేశారు.

వీరెవరు, వారెవరు

ఫిజీషియన్ అసిస్టెంట్ అనే వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. వైద్యుల కొరతను చూసిన యూజీన్ స్టెడ్ అనే వైద్యాచార్యుడు, నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో మొదటి తరగతి నడిపాడు. వారిలో ముగ్గురు 1967లో పట్టా పుచ్చుకున్నారు. మన దేశానికి ఇది 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో వచ్చింది. గుండె ఆపరేషన్ల విభాగాల్లో కాలి నుంచి సిర తీసి ఇవ్వడం, ఆపరేషన్ తర్వాతి రోగిని కనిపెట్టుకుని ఉండడం వంటి పనులతో మొదలై, క్రమంగా ఐసీయూలకూ ఇతర విభాగాలకూ పాకింది.

పేరు ఒకటే అయినా అక్కడి కోర్సు, ఇక్కడి కోర్సు ఒకటి కావు. అమెరికాలో డిగ్రీ తర్వాత సుమారు 27 నెలలు చదివే మాస్టర్స్ అది; చదివినవారికి మందులు రాసే అధికారం ఉంటుంది. ఇక్కడ ఇంటర్ బైపీసీ కాగానే చేరే డిగ్రీ, సాధారణంగా మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మందులు రాసే హక్కు లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన షెడ్యూలులో చేర్చి గుర్తింపు ఇచ్చింది. అయితే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో నమోదు కానివారు అల్లోపతి వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ఆ రాత్రి హౌస్‌సర్జన్ అన్న మాటలో చట్టపరంగా తప్పు లేదు. పీఏ ఇంటర్న్ ఇచ్చిన జవాబులోనూ తప్పు లేదు, ఎందుకంటే అతడు పీజీ రాసిన ఆర్డరునే నడిపించాడు.

అదే 2019 చట్టంలో 32వ సెక్షన్ ఇంకొక భయాన్ని నాటింది. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ల పేరుతో కొందరికి వైద్యం చేసే పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని అందులో ఉంది. దాని మీద ఆ ఏడాది దేశమంతటా వైద్యులు సమ్మె చేశారు. మా హౌస్‌సర్జన్లలో చాలామంది ఆ సెక్షన్‌నూ పీఏ కోర్సునూ కలిపి చూస్తున్నారు. "రేపు వీళ్లకే లైసెన్స్ ఇచ్చి మండలాలకు పంపుతరు సార్, మేం పీజీ సీటు రాక ఖాళీగ ఉంటం" అని ఒకరు నాతో అన్నారు. పీఏ కోర్సుకూ ఆ సెక్షన్‌కూ నేరుగా సంబంధం లేదని చెప్పాను. కానీ ఆ భయానికి ఆధారమే లేదని అనలేకపోయాను.

ఇరువైపుల మాట

రెండు పక్షాలనూ వేర్వేరుగా పిలిచి, లేఖలు పక్కన పెట్టించి, ఒక్కొక్కరితో మాట్లాడాను. గుంపుగా ఉన్నప్పుడు వాళ్లు హక్కుల గురించి మాట్లాడతారు, ఒంటరిగా ఉన్నప్పుడు తమకు అందని పనుల గురించి మాట్లాడతారు.

హౌస్‌సర్జన్ల ఫిర్యాదులో మొదటి స్థానం చేతి పనులది. పొట్టలో నీరు తీయడం, ఛాతీలో నీరు తీయడం, పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ వేయడం, ధమని రక్తం తీసి ఏబీజీ (రక్తంలోని వాయువుల పరీక్ష) చేయడం వంటివన్నీ తాము వార్డుకు వచ్చేసరికి పీఏలు ముగించేస్తున్నారని, లాగ్‌బుక్కులో సంతకాలు మాత్రం తమను అడుగుతున్నారని వాళ్ల బాధ. రెండవది రోగుల పిలుపు. మా దగ్గరికి వచ్చే పల్లె రోగులకు తెల్లకోటు వేసుకున్న ప్రతి మగవాడూ సారే, ప్రతి ఆడమనిషీ, ఆమె లేడీ డాక్టరైనా సరే, సిస్టరే. ఒక పెద్దమ్మ రౌండ్సులో నా ముందే, పక్కనున్న హౌస్‌సర్జన్ను వదిలేసి పీఏ కుర్రాడిని చూపించి, "ఈ చిన్న సారు మంచిగ సూది ఏస్తడు, ఈయననే రమ్మను" అన్నది. ఆ హౌస్‌సర్జన్ నవ్వి ఊరుకున్నా, విచారణలో మొదట చెప్పింది ఆ సంగతే.

పీఏల వైపు వినిపించింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తమకు చేతి పని దొరికేది ఎవరూ లేని రాత్రులే, పగలంతా డిశ్చార్జి సమ్మరీలు, ఆరోగ్యశ్రీ ప్రీ-ఆథరైజేషన్‌కు (ముందస్తు అనుమతికి) ఫోటోలూ రిపోర్టులూ ఎక్కించడం, బ్లడ్ బ్యాంకుకు పరుగులు. ఉదయం కేసు ప్రజెంటేషన్‌కు కుర్చీ లేదు, వెనుక నిలబడాలి. ప్రశ్న అడిగితే ఇది మీ సిలబస్ కాదంటారు. తప్పు జరిగితే మాత్రం తమ పేరు ముందు వస్తుంది.

ఇద్దరూ ఫోన్లలో చూసి ఇతర దేశాల సంగతులు తెచ్చుకోవడం ఈ విచారణలో నాకు విసుగు పుట్టించిన అంశం. హౌస్‌సర్జన్లు బ్రిటన్ గొడవను చూపించారు: అక్కడ 2024 డిసెంబరులో జనరల్ మెడికల్ కౌన్సిల్ ఈ వృత్తిని తన నియంత్రణలోకి తెచ్చుకున్నప్పుడు డాక్టర్ల సంఘం గట్టిగా వ్యతిరేకించడం, 2025 జులైలో ప్రభుత్వం వేయించగా వచ్చిన లెంగ్ సమీక్ష, అక్కడ అసోసియేట్లని పిలుస్తున్న పీఏలను మళ్లీ అసిస్టెంట్లని పిలవాలనీ, రోగ నిర్ధారణ కాని రోగులను వారికి అప్పగించరాదనీ సిఫారసు చేయడం. పీఏలు అమెరికాను చూపించారు: అక్కడి సంఘం 2021లో వృత్తి పేరునే ఫిజీషియన్ అసోసియేట్‌గా మార్చుకున్నదని, జీతాలు బాగుంటాయని. మన వార్డులో ఈ రెండింటిలో ఏదీ వర్తించదు. బ్రిటన్‌లో తగాదా, చదువు పూర్తయి ఉద్యోగంలో ఉన్నవారు ఎవరి పర్యవేక్షణ లేకుండా రోగిని చూడవచ్చా అన్నది. మన దగ్గర తగాదా, ఇంకా నేర్చుకుంటున్న ఇద్దరిలో ఎవరికి ముందు సూది అందాలన్నది.

దీని కింద ఇంకో పొర ఉంది, దాన్ని ఎవరూ లేఖల్లో రాయలేదు. ఈ రెండు గుంపులూ మొన్నటిదాకా ఒకే తరగతి గదుల్లో కూర్చున్న పిల్లలు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ జూనియర్ కాలేజీల్లో బైపీసీ చదివి, కొందరు హైదరాబాదులో లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని, నీట్ రాసినవారు. 2024లో ఆ పరీక్ష రాసినవారు 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. కొద్ది మార్కులతో కన్వీనర్ సీటు తప్పి, బీ కేటగిరీ ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేక పీఏ కోర్సులో చేరినవారు ఇక్కడ ఉన్నారు. తమకంటే తక్కువ మార్కులు వచ్చి యాజమాన్య కోటాలో ఎంబీబీఎస్ చేసినవారిని రోజూ "సార్" అని పిలవడం వారికి ఎంత కష్టమో విడిగా చెప్పనక్కరలేదు. అటు హౌస్‌సర్జన్లలో అప్పు చేసి చదివించిన తండ్రులు ఉన్నవారికి, ఆ ఖర్చంతా పెట్టి తెచ్చుకున్న పని ఇంకొకరి చేతిలో సునాయాసంగా కనిపించడం కూడా అంతే కష్టం. వాంగ్మూలాలు ముగిశాక ఒక పీఏ అమ్మాయి, "వాళ్లు మమ్మల్ని పట్టించుకోకుంటె ఏం లేదు సార్, మేం ఫెయిలైనోళ్లం అన్నట్టు చూస్తరు, అదొక్కటే" అన్నది.

నాకు అర్థమైనంతలో

సంఘటనకు తక్షణ కారణం స్పష్టం. ఒకే రోగికి రెండు చార్టులు ఉండడం, మంచం దగ్గర బాధ్యత చేతులు మారినప్పుడు అప్పగింత మాట ఏమిటో ఎవరూ నిర్ణయించకపోవడం. ఇద్దరు హౌస్‌సర్జన్లే అయినా ఇలా జరగవచ్చు. అయితే ఇద్దరు హౌస్‌సర్జన్లైతే "ఇప్పటిదాకా ఎంత ఇచ్చినవ్?" అన్న ఒక్క ప్రశ్న దాదాపు ఎప్పుడూ నోటికి వస్తుంది. అడిగితే చిన్నబోతానని ఆమె, అడగకుండా చెబితే లోకువవుతానని అతడు అనుకున్నారు. పోటీ రోగి వరకు చేరింది ఈ దారినే.

లోతైన కారణం పనుల పంపకం. దక్షిణ తెలంగాణలో 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో నారాయణపేట, గద్వాల, యాదాద్రి ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అంతకుముందు ప్రైవేటు ఆసుపత్రుల దాకా రాక తప్పని రోగుల్లో కొందరు ఇప్పుడు దగ్గరలోనే చూపించుకుంటున్నారు. ఇది ప్రజలకు మేలే. మా వంటి ఆసుపత్రుల్లో మాత్రం ఒక్కో మంచం చుట్టూ పీజీ, హౌస్‌సర్జన్, మూడో ఏడాది మెడికో, పీఏ, నర్సింగ్ విద్యార్థి, అనస్థీషియా టెక్నాలజీ విద్యార్థి నిలబడుతున్నారు. పనికి తగినన్ని చేతులు లేకపోవడం కాదు, చేతులకు తగినంత పని లేని స్థితి.

ఈ స్థితిలో సీనియర్ వైద్యులకు ఏది సుఖమో అదే నడిచింది. హౌస్‌సర్జన్ ఒక పోస్టింగులో కొన్ని వారాలే ఉంటాడు. చేయి తిరిగేలోగా వెళ్లిపోతాడు. పీఏ ఇంటర్న్ అదే ఐసీయూలో నెలల తరబడి ఉంటాడు. కన్సల్టెంటుకు ఏ గ్లవ్స్ కావాలో, ఏ వైపు నిలబడతాడో కూడా తెలుసుకుంటాడు. కాబట్టి ఆదరాబాదరాగా పని కావలసినప్పుడు కన్సల్టెంటు పీఏనే పిలుస్తాడు. పిలిచిన ప్రతిసారీ ఒక హౌస్‌సర్జన్‌కు నేర్చుకునే అవకాశం ఒకటి తగ్గిందని ఎవరూ లెక్కవేయలేదు.

హౌస్‌సర్జన్ల పక్షాన ఒక మాట, వారికి వ్యతిరేకంగా ఒక మాట చెప్పాలి. పక్షాన: సంతకం పెట్టేది, రేపు కోర్టులో నిలబడేది వారే, ఆ పని చేయకుండా ఆ బాధ్యత మోయమనడం న్యాయం కాదు. వ్యతిరేకంగా: నీట్ పీజీ దగ్గరపడ్డ నెలల్లో వాళ్లు వార్డులో కనిపించరు. లైబ్రరీలో, హాస్టల్లో, ఫోనులో ప్రశ్నల యాప్ ముందు ఉంటారు. పరీక్షలో పొట్టలో నీరు తీయడం అడగరు, ఆ నీటిలో ఆల్బుమిన్ తేడా లెక్క అడుగుతారు. ఖాళీగా వదిలిన చోటు ఇంకొకరు నింపితే, తిరిగి వచ్చాక తమదేనని అడగడం కుదరదు. ఈ వాక్యం నివేదికలో రాసినందుకు ఒక సహాధ్యాపకుడు నాతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు.

మార్చినవి, మారనివి

మొదటి మార్పుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు: అట్రోపిన్, ఇన్సులిన్, పాముకాటు విరుగుడు మందులకు మంచానికి కట్టిన ఒకే చార్టు. ఎవరు నింపినా అందులోనే నింపాలి, చార్టు మంచం వదలి కదలకూడదు. మంచం దగ్గర ఒకరి స్థానంలో ఇంకొకరు వచ్చినప్పుడు, వచ్చినవారు ఎవరైనా సరే, ఇప్పటివరకు ఎక్కిన మొత్తం ఎంతో పైకి చదివి ఇద్దరూ పేర్లు రాయాలి.

రెండవది పనుల పంపకం. దీనిపై రెండు సమావేశాలు వేడిగా జరిగాయి. కోర్సును బట్టి పంచాలని కొందరు పట్టుబట్టారు: ఎంబీబీఎస్ వారికి ఇవి, పీఏలకు అవి. రోగి కష్టాన్ని బట్టి, విద్యార్థి దశను బట్టి పంచాలని నేను వాదించాను. మా ప్రాంతంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెల్లో తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ముసలివాళ్ల వెన్నుపూసల చుట్టూ లిగమెంట్లు ఎముకలా గట్టిపడి ఉంటాయి. అలాంటి రోగి నడుములో సూది పెట్టి నీరు తీయడం అనుభవం ఉన్న పీజీకే కష్టం. అది హౌస్‌సర్జన్ హక్కూ కాదు, పీఏ హక్కూ కాదు. అదే లివర్ జబ్బుతో పొట్ట నిండా నీరు చేరిన రోగి మొదటిసారి చేసేవారికి అనువు. చివరకు ఇలా ఒప్పుకున్నాం: పోస్టింగుకు కొత్తగా వచ్చిన హౌస్‌సర్జన్‌కు తేలిక కేసుల్లో మొదటి అవకాశం, పక్కన చేయందించేది పీఏ ఇంటర్న్, ఎదురుగా పీజీ. లాగ్‌బుక్కుకు సరిపడా అయ్యాక ఆ అవకాశం పీఏకు మారుతుంది. అర్ధరాత్రి అత్యవసరంలో మాత్రం అక్కడ ఉన్నవారిలో చేయి తిరిగినవారు చేస్తారు, ఆర్డరు రాసిన డాక్టరు ఎదుట ఉండాలి.

పీఏలు హౌస్‌సర్జన్లకు నేర్పవచ్చా అన్నది అసలు చిక్కుముడి అయింది. వెంటిలేటర్ అలారాలు, ఏబీజీ తీయడం, ఫ్లో షీటు నింపడం వంటివి ఐసీయూలో ఎక్కువ కాలం ఉన్న పీఏకు బాగా తెలుసు. "డాక్టర్‌కు అసిస్టెంట్ పాఠం చెప్పుడేంది?" అని ఒక సీనియర్ సర్జన్ నిలదీశారు. నర్సుల దగ్గర సిర దొరకబుచ్చుకోవడం నేర్చుకోని డాక్టరు మనలో ఎవరున్నారని నేను అడిగాను. చేతి మెళకువలు ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు, మార్కులు వేసేది, సంతకం పెట్టేది అధ్యాపకులే అన్న చోట రాజీ కుదిరింది. పీఏలకు అంతకంటే విలువైనదిగా తోచింది ఉదయం ప్రజెంటేషన్‌లో కుర్చీ. రాత్రి రోగి ఎలా గడిచాడో పీఏ చెప్పాలి, ఎందుకలా అయ్యాడో హౌస్‌సర్జన్ చెప్పాలి అని విడగొట్టాం. మొదటి వారాల్లో ఒకరి మాటకు ఇంకొకరు అడ్డం వచ్చేవారు. తర్వాత పీఏ చెప్పిన రాత్రి వివరాల నుంచే హౌస్‌సర్జన్ నిర్ధారణకు దారి దొరికిన సందర్భాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వృత్తుల మధ్య ఉమ్మడి విద్యపై విడుదల చేసిన పత్రం, ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవడమని మూడింటినీ కలిపి చెప్పింది. మా దగ్గర అప్పటివరకు మూడూ లేవు.

రోగికి తానెవరో చెప్పాలన్న నియమం కూడా పెట్టాం. పీఏ తెలుగులో, "నేను డాక్టరును కాదు, డాక్టరు గారితో కలిసి పనిచేసే ఫిజీషియన్ అసిస్టెంటును" అని పరిచయం చేసుకోవాలి. బ్యాడ్జి కూడా తెలుగు అక్షరాల్లో. రోగులు విని, తలాడించి, మళ్లీ "సారూ" అనే పిలుస్తారు. దానికి పీఏలను తప్పుపట్టడం మానేయమని హౌస్‌సర్జన్లకు చెప్పాను. మహిళా హౌస్‌సర్జన్లను సిస్టరనే పిలుపు మాత్రం అలాగే ఉంది. ఆ రాత్రి హౌస్‌సర్జన్ కోపానికి అదీ ఒక కారణమని, లేఖలో రాయకపోయినా, మాటల్లో బయటపడింది.

ఆ ఇద్దరి విషయానికి వస్తే, ఎవరికీ శిక్ష వేయవద్దని రాశాను. హౌస్‌సర్జన్ మిగిలిన పోస్టింగు పూర్తి చేసుకుని వెళ్లింది. వారిద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేను. అవసరమైనంత మాట్లాడుకున్నారు, చార్టు ఒకటే ఉంచారు.

సర్జరీ విభాగం ఈ ఏర్పాటును అంగీకరించలేదు. అక్కడ ఆపరేషన్లలో మొదటి సహాయకుడిగా ఇప్పటికీ పీఏనే నిలబడతాడు, హౌస్‌సర్జన్ కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుంటాడు లేదా బయట కాగితాలు చూసుకుంటాడు. స్టైపెండులో తేడా అలాగే ఉంది. నీట్ పీజీ ముందు నెలల్లో వార్డు ఖాళీ కావడమూ మారలేదు. ఆ కాలంలో పంపకాల పట్టిక గోడ మీద ఉంటుంది, పని పీఏలు చేస్తారు.

రెండు గుంపులూ కలిసి ఒక కాగితం మీద సంతకాలు పెట్టిన సందర్భం మాత్రం ఒకటి వచ్చింది. పీఏలు ఇంత సమర్థులైతే రాత్రి డ్యూటీ డాక్టర్ల సంఖ్య తగ్గించి ఆ స్థానంలో వారినే వేయవచ్చని యాజమాన్యం ప్రతిపాదించింది. ఖర్చు తగ్గుతుందన్నది అసలు ఉద్దేశం. పర్యవేక్షణ లేకుండా తమను నిలబెడితే చట్టం ముందు దోషులమవుతామని పీఏలు, రేపటి తమ ఉద్యోగాలు పోతాయని హౌస్‌సర్జన్లు, వేర్వేరు కారణాలతో ఒకే అభ్యంతరం రాశారు. ఆ లేఖకు 34వ సెక్షన్ను జోడించి నేను విభాగం తరఫున పంపాను. మెడిసిన్ ఐసీయూ వరకు ప్రతిపాదన ఆగింది. ఆపరేషన్ అయిన రోగులుండే సర్జరీ వార్డులో మాత్రం అర్ధరాత్రి దాటాక పీఏ ఇంటర్న్ ఒక్కడే ఉంటున్నాడు. ఫోను చేస్తే పీజీ కిందికి రావాలన్నది అక్కడి ఏర్పాటు. ఆ వార్డు గురించి నేను పంపిన రెండో నివేదికకు ఇంకా జవాబు రాలేదు.